ప్రాజెక్టు రిపోర్టు నుంచి ఆఫర్ లెటర్ దాకా: ఏఐని ఎలా వాడాలి?

“ఏఐతో రాస్తే ఎంత శాతం వరకు ఫర్వాలేదు?” ఫైనలియర్ విద్యార్థులు, ఎంబీఏ చదివేవాళ్లు, ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. పదా, ఇరవయ్యా, ఒక అంకె చెప్పమంటారు. అన్నిచోట్లా చెల్లే అంకె ఏదీ లేదు. దాని బదులు ఒక పరీక్ష పెట్టుకోండి. మీ పేరు మీద ఇచ్చిన ఏ పేరా మీదైనా, ఏ కోడు లైను మీదైనా, రెజ్యూమెలో ఏ పాయింటు మీదైనా ఎదుటివాళ్లు వేలు పెట్టి “ఇదేంటి, ఇలా ఎందుకు చేశారు?” అని అడిగితే, ఫోను చూడకుండా రెండు నిమిషాలు చెప్పగలగాలి. చెప్పగలిగితే అది మీది. తడబడితే ఇంకా మీది కాలేదు, ఇవ్వకండి. దీన్ని వైవా పరీక్ష అందాం. కింది మెట్లన్నీ దీని చుట్టూ కట్టినవే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- మీ కాలేజీ లేదా కంపెనీ ఏఐ నియమం. రాతలో లేకపోతే మీ గైడు మెయిల్లో ఇచ్చిన జవాబు.
- ఒక చాట్ సాధనం: చాట్‌జీపీటీ, జెమిని, క్లాడ్, ఏదైనా ఒకటి. ఉచిత ఖాతా చాలు. నాలుగింటిలో ఖాతాలు తెరిచి నలుగురినీ ఒకే ప్రశ్న అడిగినంత మాత్రాన నిజం తేలదు.
- నోట్‌బుక్ ఎల్ఎమ్. మీరిచ్చిన పత్రాల నుంచే జవాబు చెప్పే గూగుల్ సాధనం ఇది. ఉచిత ఖాతాలో ఒక్కో నోట్‌బుక్‌లో 50 పత్రాల దాకా పెట్టుకోవచ్చు.
- వెర్షన్ హిస్టరీ (ఎప్పుడేం మార్చారో చూపే పాత ప్రతులు) దాచే రాత సాధనం: గూగుల్ డాక్స్, లేదా వన్‌డ్రైవ్‌లో ఆటోసేవ్ పెట్టుకున్న వర్డ్. కోడు రాసేవాళ్లకు, కోడులో చేసిన మార్పులన్నీ దాచే గిట్.
- ఒక ఎక్సెల్ షీటు. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాం.

1. నియమం కనుక్కోండి, రాతలో

“సార్, ఏఐ వాడొచ్చా?” అని అడిగితే చాలామంది “వద్దు” అనేస్తారు. అంత పెద్ద ప్రశ్నకు జవాబు అలాగే వస్తుంది. పనిని ముక్కలు చేసి అడగండి: అర్థం కాని పేపరును వివరింపజేసుకోవచ్చా? మేం రాసిన ఇంగ్లీషులో వ్యాకరణం దిద్దించుకోవచ్చా? కోడులో తప్పు వెతికించుకోవచ్చా? పేరాలు రాయించుకోవచ్చా? వాడితే రిపోర్టులో ఎక్కడ చెప్పాలి? మొదటి మూడింటికి ఒప్పుకుని నాలుగోదానికి ఒప్పుకోని గైడులే ఎక్కువ. కారిడార్‌లో ఒప్పుకున్న మాట మార్కుల వేళకు ఎవరికీ గుర్తుండదు, అందుకే మెయిలు.

ఇక్కడే ఒక పెద్ద గందరగోళం తీర్చుకోవాలి. యూజీసీ 2018లో తెచ్చిన కాపీ నిరోధక నిబంధనల్లో శాతాలు ఉన్నాయి. థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే సరిదిద్ది 6 నెలల లోపు మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. బీటెక్ రిపోర్టులకు కాలేజీలు సొంత పరిమితి పెట్టుకోవచ్చు, అది అడిగి తెలుసుకోండి. అయితే ఇవన్నీ పోలిక శాతాలు, అంటే మీ వాక్యాలు ఇప్పటికే ఉన్న రాతలతో ఎంత కలుస్తున్నాయన్న లెక్క. ఏఐ శాతం వేరే లెక్క. ఏఐ రాసిచ్చిన పేరాకు పోలిక మూడు శాతమే రావచ్చు, అయినా మీ కాలేజీ నియమం ప్రకారం తప్పే కావచ్చు. “పోలిక తక్కువే వచ్చింది కదా” అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

2. సెట్టింగులకు పది నిమిషాలు

చాట్‌జీపీటీలో సెట్టింగ్స్, అందులో డేటా కంట్రోల్స్ తెరిచి, “ఇంప్రూవ్ ద మోడల్ ఫర్ ఎవ్రీవన్” అన్నది ఆఫ్ చేయండి. టెంపరరీ చాట్ వాడితే సంభాషణ మీ హిస్టరీలో ఉండదు, వాళ్ల దగ్గర మాత్రం 30 రోజుల దాకా ఉండొచ్చు. జెమినిలో యాక్టివిటీ ఆపేసినా సంభాషణలు 72 గంటల వరకు నిలవ ఉంటాయి. సమీక్ష కోసం మనుషులు చదివినవైతే మూడేళ్ల దాకా ఉంటాయి. మెనూల పేర్లు తరచూ మారుతుంటాయి, వెతికితే దొరుకుతాయి.

చాట్ లింకు గ్రూపులో పంచకండి. పంచుకున్న చాట్‌జీపీటీ సంభాషణలు కొన్ని 2025లో గూగుల్ వెతుకులాటలో బయటపడ్డాయి, ఆ తరవాత ఆ వీలును కంపెనీ తీసేసింది. కావలసిన భాగం కాపీ చేసి పంపితే సరిపోతుంది.

ఎప్పుడూ పెట్టకూడనివి: ఆధార్, పాన్, హాల్‌టికెట్ నెంబరు, పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (ప్రోగ్రాములు వాడే రహస్య సంకేతాలు), ఇతరుల ఫోను నెంబర్లు. ఎంబీఏ, సోషల్ వర్క్ విద్యార్థులు సర్వే జవాబులు పెట్టే ముందు పేర్లు, ఊళ్లు, నెంబర్లు తీసేసి ‘వ్యక్తి 1’, ‘వ్యక్తి 2’ అని మార్చాలి. మీకు జవాబు చెప్పిన మనిషి మిమ్మల్ని నమ్మి చెప్పారు, అమెరికాలోని సర్వర్‌ను నమ్మి కాదు. ఫార్మసీ, నర్సింగ్ విద్యార్థులు రోగి రికార్డును పేరు తీసేసినా పెట్టొద్దు. వయసు, ఊరు, జబ్బు, తేదీ నాలుగూ కలిస్తే మనిషి తెలిసిపోతాడు.

3. ముందు మీ చిత్తు, తరవాతే ఏఐ

అరగంట పాటు కాగితం మీద మీ ముక్కలు మీరు రాయండి: సమస్య ఏంటి, ఎవరికి, మీరు ఏం చేశారు, ఎక్కడ ఆగిపోయారు. పది లైన్లు వస్తే చాలు, ఇంగ్లీషు ఎలా ఉన్నా ఫర్వాలేదు. ఈ వరస తిరగేయకూడదు. నున్నగా ఉన్న పేరా ముందే కంటబడితే మీ ఆలోచన దాని వెనకే నడుస్తుంది. తరవాత వైవాలో ఎందుకలా రాశారో చెప్పలేరు.

చిత్తు ఇచ్చాక అడగవలసిన తీరు ఇది: “ఇది నేను రాసింది. వ్యాకరణ తప్పులు మాత్రమే చూపించు. కొత్త విషయం చేర్చకు. ఏ మార్పు ఎందుకో పక్కన రాయి.” చివరి వాక్యం మరవద్దు. కారణం కనిపిస్తే నాలుగు రిపోర్టులకల్లా ఆ తప్పులు మీరే చేయడం మానేస్తారు.

చదువుకోవడానికైతే వివరణ అడగడం కన్నా ప్రశ్నలు అడిగించుకోవడం మేలు: “నార్మలైజేషన్ మీద నన్ను ఒక్కొక్కటిగా ఆరు ప్రశ్నలు అడుగు. నేను చెప్పేదాకా జవాబు చెప్పకు. తప్పయితే ఏ మెట్టు దగ్గర తప్పానో చెప్పు.” చాట్‌జీపీటీలో స్టడీ మోడ్, జెమినిలో గైడెడ్ లెర్నింగ్ ఇందుకోసమే ఉన్నాయి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. కష్టమైన పాఠాన్ని తెలుగులో అడిగి తెలుసుకోవడంలో తప్పేం లేదు, హాయిగా అడగండి. కాకపోతే “సాంకేతిక పదాలు ఇంగ్లీషులోనే ఉంచు” అని చేర్చండి. లేకపోతే మీ పుస్తకంలో ఎక్కడా కనపడని సంస్కృత సమాసాలు పుట్టించి పెడుతుంది. పైగా ఒకే పదానికి మొదటి పేరాలో ఒక అనువాదం, మూడో పేరాలో ఇంకో అనువాదం వస్తుంది. అర్థమయ్యాక జవాబు ఇంగ్లీషులో మీరే రాసి, అప్పుడు దిద్దించుకోండి.

4. లిటరేచర్ సర్వే: అన్నిటికన్నా ఎక్కువమంది పట్టుబడేది ఇక్కడే

చాట్ సాధనం వెనక ఉండే భాషా మోడల్‌కు పేపర్ల జాబితా బట్టీ ఉండదు. రిఫరెన్సు చూడటానికి ఎలా ఉంటుందో బాగా తెలుసు. అందుకే ఆ రంగంలో నిజంగా ఉన్న రచయిత పేరు, నిజంగా ఉన్న జర్నల్ పేరు, నమ్మబుద్ధయ్యే శీర్షిక కలిపి లేని పేపరు ఒకటి తయారు చేసి ఇస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను కోర్టుకు సమర్పించారు. అవేవీ లేవు. 5,000 డాలర్ల జరిమానా పడింది. అందులో మనం గుర్తుంచుకోవలసిన వివరం ఒకటుంది: ఆ లాయర్లలో ఒకరు “ఇది నిజమైన కేసేనా?” అని చాట్‌జీపీటీనే అడిగారు, అది నిజమేనంది. తప్పు చేసినదాన్నే సాక్షిగా పిలిస్తే ఇంతే. రిఫరెన్సును ఎప్పుడూ చాట్ బయటే సరిచూడాలి.

ఒక్కో రిఫరెన్సుకూ ఇలా చేయండి:

(అ) శీర్షికను కోట్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. అక్షరం తేడా లేకుండా దొరకాలి. “దాదాపు అలాంటిదే” దొరికితే అది వేరే పేపరు.

(ఆ) డీఓఐ నెంబరును (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) డీఓఐ డాట్ ఆర్గ్ వెబ్‌సైటులో వేయండి. లింకు తెరుచుకోగానే సంబరపడొద్దు. నెంబరు నిజమైనదే అయినా వేరే పేపరుది కావడం చాలా మామూలు. తెరుచుకున్న పేజీలో శీర్షిక చదవండి.

(ఇ) రచయితలు, సంవత్సరం, సంపుటి, పేజీలు సరిచూడండి. పేపరు నిజమై, సంవత్సరం తప్పయినా ఎగ్జామినర్‌కు అనుమానం మొదలవుతుంది.

(ఈ) పేపరు తెరవండి. మీరు ఏ మాటకోసం దాన్ని పేర్కొన్నారో ఆ మాట ఉన్న పేజీ వెతికి, పేజీ నెంబరు షీటులో రాసుకోండి. ఆ మాట అందులో లేకపోతే మీ వాక్యం మార్చాలి, లేదా రిఫరెన్సు తీసేయాలి.

(ఉ) పూర్తి పేపరు ఎక్కడా దొరక్కపోతే దాన్ని వదిలేయండి. చదవని పేపరును పేర్కొనడం ఏఐ రాకముందు కూడా తప్పే.

ఒక్కోదానికి ఐదు నిమిషాలు వేసుకుంటే 20 రిఫరెన్సులకు గంటా నలభై నిమిషాలు. ఒక సాయంత్రం పని.

ఇంతకన్నా మంచి దారి వెనక నుంచి నడవడం. ముందు మీరే గూగుల్ స్కాలర్‌లోనో, కాలేజీ లైబ్రరీ ఖాతాతో ఇంజనీరింగ్ పేపర్లు దొరికే ఐట్రిపులీ ఎక్స్‌ప్లోర్‌లోనో పది, పదిహేను పేపర్లు వెతికి దింపుకోండి. వాటిని నోట్‌బుక్ ఎల్ఎమ్‌లో పెట్టి “వీటిలో ఏవేవి ఒకే డేటాసెట్ వాడాయి?”, “ఏ పేపరు తన పరిమితులను ఏమని చెప్పింది?” అని అడగండి. ప్రతి వాక్యం పక్కనా చిన్న అంకె ఉంటుంది. దాన్ని నొక్కితే అసలు పేపరులోని భాగం కనిపిస్తుంది. నొక్కకుండా ఒక్క వాక్యం కూడా తీసుకోవద్దు. ఇక్కడ జరిగే తప్పు వేరే రకం: పేపరులో “అంతకుముందు ఫలానావాళ్లు 92 శాతం సాధించారు” అని ఉంటే, ఆ 92 ఈ పేపరు సాధించిందేనని రాస్తుంది. అంకె నిజమైనదే, యజమాని మారిపోయాడు.

5. కోడు

మొత్తం ప్రాజెక్టును ఒకే ప్రాంప్టులో అడిగితే నడిచే కోడు రావచ్చు, మీకు అర్థమయ్యే కోడు రాదు. ఒక్కో ఫంక్షన్ అడగండి, నడపండి, గిట్‌లో కమిట్ చేయండి, అప్పుడు ముందుకెళ్లండి. మూడు చోట్ల ప్రత్యేకంగా చూడాలి.

లేని లైబ్రరీలు. 2025లో వచ్చిన ఒక అధ్యయనంలో 16 మోడళ్లతో రాయించిన కోడు పరిశీలిస్తే, అవి సూచించిన ప్యాకేజీల్లో (ముందే రాసిపెట్టిన కోడు కట్టలు, అంటే లైబ్రరీలే) వాణిజ్య మోడళ్లలో 5.2 శాతం, ఓపెన్ సోర్స్ మోడళ్లలో 21.7 శాతం అసలు లేనివే. మోసగాళ్లు అలాంటి పేరుతోనే హానికరమైన ప్యాకేజీ పెట్టి కాచుకుని ఉండొచ్చు. కాబట్టి ప్యాకేజీని దింపే పిప్ ఇన్‌స్టాల్ కొట్టే ముందు, పైథాన్ ప్యాకేజీలు ఉండే పైపీఐ సైటులో ఆ పేరు వెతికి, మొదటి విడుదల ఎప్పుడు, సోర్స్ కోడు లింకు ఉందా, ఎవరు నడుపుతున్నారు అన్నవి చూడండి. పోయిన వారం పుట్టిన ప్యాకేజీ అయితే ముట్టుకోవద్దు.

అనుమానాస్పదంగా గొప్ప ఫలితాలు. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులో 99 శాతం యాక్యురసీ వస్తే పండగ చేసుకునే ముందు కోడు వరస చూడండి. స్కేలర్‌ను (అంకెలను ఒకే కొలతకు తెచ్చే భాగం) మొత్తం డేటా మీద ఫిట్ చేసి, ఆ తరవాత ట్రెయిన్, టెస్ట్‌గా విడగొట్టే కోడు ఏఐ తరచూ ఇస్తుంది. బొమ్మల ప్రాజెక్టుల్లోనైతే ముందు ఆగ్మెంటేషన్ (బొమ్మను తిప్పి, మార్చి కొత్త ప్రతులు చేయడం) చేసి తరవాత విడగొడుతుంది, దాంతో ఒకే బొమ్మ తిప్పిన రూపాలు రెండువైపులా చేరతాయి. టెస్ట్ డేటా ట్రెయినింగ్‌లోకి కారిపోయిందన్నమాట. ముందు విడగొట్టి, ట్రెయిన్ భాగం మీదే ఫిట్ చేసి, మళ్లీ నడపండి. యాక్యురసీ 86కి దిగినా ఆ 86ను మీరు సమర్థించుకోగలరు.

మూడోది, మీరు. ఏదో ఒక లైను తీసేస్తే ఏమవుతుందో ముందు కాగితం మీద రాసి, తరవాత తీసేసి నడపండి. ఐదు లైన్లకు నాలుగు సార్లయినా మీ ఊహ సరిపోవాలి.

6. వాడకం పట్టిక, ప్రకటన, డిటెక్టర్ల గొడవ

ఎక్సెల్ షీటులో ఐదు గడులు: తేదీ, సాధనం, ఏం అడిగాను, ఏం తీసుకున్నాను, ఎలా సరిచూశాను. రోజుకు రెండు నిమిషాల పని. రిపోర్టు చివర పెట్టే ప్రకటన ఆ షీటు నుంచే వస్తుంది:

“రెండో అధ్యాయంలో మేం రాసిన వాక్యాల వ్యాకరణం దిద్దడానికి, నాలుగో అధ్యాయంలోని డేటా శుభ్రపరిచే కోడులో తప్పులు వెతకడానికి చాట్‌జీపీటీ వాడాం. రిఫరెన్సులన్నీ అసలు పేపర్లతో మేమే సరిచూశాం. విషయానికి పూర్తి బాధ్యత మాదే.”

“కొంత సహాయం తీసుకున్నాం” అన్న గాలి మాట రాయకండి, ఏ అధ్యాయంలో ఏ పనికో చెప్పండి. పేపరు ప్రచురించేవాళ్లు ఆ జర్నల్ నియమం చూడాలి. ఐట్రిపులీ అయితే ఏఐ రాసిన భాగాలున్న సంగతి కృతజ్ఞతల విభాగంలో చెప్పమంటుంది. ఏఐని సహరచయితగా పెట్టకూడదని ప్రచురణ నైతికత సంస్థ కోప్ 2023లోనే స్పష్టం చేసింది.

ఇక డిటెక్టర్లు, అంటే రాత ఏఐదా మనిషిదా అని చెప్పే సాధనాలు. చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ను 2023 జులైలో వెనక్కి తీసుకుంది. అది ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టింది, మనుషుల రాతల్లో 9 శాతాన్ని ఏఐ అని ముద్ర వేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లీషు పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలు ఏఐ రాతలని వచ్చాయి. చిన్న వాక్యాలు, తెలిసిన పదాలు, ఒకే రకం కూర్పు: మన పిల్లలు రాసే ఇంగ్లీషు అదే. కాబట్టి నిజాయితీగా రాసినా వేలు చూపించే రోజు రావచ్చు. ఆ రోజు మీ చేతిలో వెర్షన్ హిస్టరీ, కాగితపు చిత్తు, ఎక్సెల్ షీటు ఉండాలి. గొంతు పెంచకుండా ఆ మూడూ చూపించి, “సార్, ఏ పేజీ మీదైనా అడగండి, చెబుతాను” అనండి. అధ్యాపకులు చదువుతుంటే ఒక విన్నపం: డిటెక్టర్ అంకెను ప్రశ్నలు మొదలుపెట్టడానికి వాడండి, దాన్నే తీర్పుగా తీసుకోవద్దు.

ఏఐ రాతను “మనిషి రాతగా మార్చే” సాధనాల జోలికి వెళ్లకండి. అలాంటి మార్పిడి సాఫ్ట్‌వేర్లు చేసే పని పరిశోధకులు 2021లోనే బయటపెట్టారు: ‘బిగ్ డేటా’ కాస్తా ‘కొలోసల్ ఇన్ఫర్మేషన్’ అవుతుంది, ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ ‘కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్’ అవుతుంది. ఎగ్జామినర్‌కు ఆ ఒక్క పదం చాలు.

7. రెజ్యూమె, ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్)

ముందు ఒక వాస్తవాల ఫైలు తయారు చేసుకోండి: ఏ ప్రాజెక్టు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, జట్టులో ఎందరు, మీ వాటా ఏంటి, ఫలితం ఏంటి, ఆ అంకె ఎక్కడ నుంచి వచ్చింది. అది ఇచ్చి ఇలా అడగండి: “ఈ వాస్తవాలకు బయట ఏదీ చేర్చకు. అంకె లేనిచోట ‘అంకె కావాలి’ అని రాయి. ఒక్కో పాయింటు రెండు లైన్లు దాటకూడదు.” ఈ కట్టడి లేకపోతే “సామర్థ్యాన్ని 30 శాతం పెంచాను” లాంటివి తనంతట తనే కల్పిస్తుంది. ఇంటర్వ్యూలో “30 శాతం ఎలా కొలిచారు?” అన్న ఒక్క ప్రశ్నతో మిగతా రెజ్యూమె మీద కూడా నమ్మకం పోతుంది.

సీజీపీఏ నుంచి శాతం లెక్క ఏఐకి వదలకండి. సీజీపీఏను 9.5తో గుణించమని చెబుతుంది, అది సీబీఎస్ఈ పదో తరగతిలో ఒకప్పుడు వాడిన లెక్క. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్18 నిబంధనల్లో సీజీపీఏలో 0.5 తీసేసి పదితో గుణించాలి. 6.4 సీజీపీఏకు ఏఐ లెక్కలో 60.8 వస్తుంది, యూనివర్సిటీ లెక్కలో 59. కంపెనీ 60 శాతం కటాఫ్ పెడితే మీరు తెలియకుండానే తప్పుడు సమాచారం ఇచ్చినట్టు. చేరిన తరవాత బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అది బయటపడుతుంది. మీ యూనివర్సిటీ, మీ రెగ్యులేషన్ సూత్రం ఏదో నిబంధనల పుస్తకంలో చూడండి.

కంపెనీ ఉద్యోగ వివరణ పెట్టి “నా రెజ్యూమె దీనికి సరిపోయేలా మార్చు” అనకండి, మీకు రాని నైపుణ్యాలు కూడా ఎక్కించేస్తుంది. “ఇందులో అడిగినవాటిలో నా దగ్గర లేనివి ఏవి? వారంలో నేర్చుకోగలిగింది ఏది?” అనండి.

సాఫ్ట్‌వేర్ చదవగలదో లేదో చూడటానికి రెజ్యూమె పీడీఎఫ్‌ను తెరిచి మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఫోను నెంబరు మాయమైనా, రెండు వరసల అక్షరాలు కలగలిసినా ఒకే వరస డిజైన్‌కు మారండి. తెల్ల రంగు అక్షరాలతో కీవర్డులు దాచే చిట్కా ఎవరైనా చెబితే వినొద్దు, ఇదే నోట్‌ప్యాడ్‌లో అవి నల్లగా కనిపిస్తాయి.

విదేశీ ఎంఎస్‌కు రాసే ఎస్ఓపీలో ప్రమాదం మరో రకం. “చిన్నప్పటినుంచీ నాకు కంప్యూటర్లంటే మక్కువ” అని మొదలుపెట్టి అందరికీ ఒకే వ్యాసం ఇస్తుంది. మీ మేజర్ ప్రాజెక్టులో ఏది విరిగింది, దాన్ని ఎలా కట్టారు, ఆ యూనివర్సిటీలో ఏ ల్యాబ్ ఆ పని ముందుకు తీసుకెళుతోంది: ఈ మూడూ మీరే రాయాలి. కొన్ని యూనివర్సిటీలు ఏఐ వాడలేదని సంతకం అడుగుతాయి. ఆ గడి చదవకుండా టిక్ పెట్టకండి.

ఒక హెచ్చరిక ఉద్యోగ మోసాల గురించి. ఒకప్పుడు నకిలీ ఆఫర్ లెటర్‌ను అచ్చుతప్పులతో పట్టేసేవాళ్లం. ఇప్పుడు మోసగాళ్ల ఇంగ్లీషూ ఏఐ దిద్దుతోంది. భాషను నమ్మకండి. మెయిలు ఏ డొమైన్ నుంచి వచ్చిందో చూడండి, కంపెనీ వెబ్‌సైటులో ఆ ఉద్యోగం ఉందో వెతకండి. ట్రెయినింగ్‌కనో, ల్యాప్‌టాప్ డిపాజిట్‌కనో డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి, ఆలస్యమైన ప్రతి గంటా డబ్బు చేతులు మారుతుంది.

8. ఇంటర్వ్యూ

ముందు రోజు వరకు ఎంతైనా వాడండి. రెజ్యూమె ఇచ్చి “ప్రతి పాయింటు మీదా అనుమానంతో మూడు ప్రశ్నలు అడుగు” అనండి. జవాబులు టైపు చేయకుండా నోటితో చెప్పి రికార్డు చేసుకుని వినండి. ఇంటర్వ్యూ మొదలయ్యాక మూసేయండి. తెర మీద దాగి జవాబులు చూపించే యాప్‌లు అమ్ముతున్నారు, కొనొద్దు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఒకే పొడవు విరామం, ఒకే వైపు తిరిగే కళ్లు, “ఇంకాస్త మామూలు మాటల్లో చెప్పండి” అనగానే వచ్చే తడబాటు ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అలవాటైపోయాయి. కనీసం ఒక రౌండు ముఖాముఖి పెడతామని గూగుల్ అధిపతి సుందర్ పిచయ్ 2025లో చెప్పారు. ఇంటికి ఇచ్చే అసైన్‌మెంట్‌లో ఏఐకి అనుమతి ఉందో లేదో ముందే మెయిల్లో అడగండి.

9. ఆఫీసులో

మొదటి రోజే మీ టీమ్ లీడ్‌ను అడగండి: కంపెనీ ఒప్పుకున్న సాధనం ఏది? క్లయింటు ఒప్పందంలో ఏఐ గురించి ఏముంది? సొంత ఖాతాలో ఆఫీసు కోడు అతికించడం ఎంత దూరం వెళ్తుందో శాంసంగ్ చూపించింది. 2023లో అక్కడి ఇంజనీర్లు సోర్స్ కోడు చాట్‌జీపీటీలో పెట్టిన సంగతి బయటపడ్డాక కంపెనీ అలాంటి సాధనాలనే నిషేధించింది. మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2025 జనవరిలో ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడొద్దని ఉద్యోగులకు చెప్పింది. వ్యక్తుల సమాచారం విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద సంస్థకు పడే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. సొంత ఖాతాలో అతికించే చేయి ఒక్క క్షణం ఆగడానికి ఇది చాలు.

అనుమతి ఉన్న సాధనంలో కూడా రిపోర్టులోని అంకెలు, పేర్లు, తేదీలు అసలు ఫైలుతో మీరే కలిపి చూడాలి. పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు: 2025లో డెలాయిట్ ఆస్ట్రేలియా, అక్కడి ప్రభుత్వానికి ఇచ్చిన రిపోర్టులో లేని రిఫరెన్సులు బయటపడ్డాక, ఫీజులో కొంత వెనక్కి ఇచ్చింది. మీటింగ్ నోట్సు తీసే ఏఐని ఆన్ చేసే ముందు అందరినీ అడగండి. నోట్సులో ఎవరు ఏ పని ఒప్పుకున్నారన్న చోట పేర్లు తారుమారవుతుంటాయి, పంపే ముందు ఆ భాగం ఒక్కటైనా చదవండి.

ఇచ్చే ముందు చూసుకోవలసినవి

- రిపోర్టులో కళ్లు మూసుకుని మూడు పేజీలు తెరవండి, ఒక్కో దాని మీద రెండు నిమిషాలు మాట్లాడండి. స్నేహితుడు ప్రశ్నలు వేస్తే ఇంకా మంచిది. జట్టు ప్రాజెక్టయితే ప్రతి ఒక్కరూ ఇతరులు రాసిన అధ్యాయం మీద చెప్పాలి.
- షీటులో ప్రతి రిఫరెన్సు ఎదురుగా పేజీ నెంబరు ఉందా?
- చాట్ నుంచి పొరపాటున వచ్చేసిన వాక్యాలు, “తప్పకుండా, ఇదిగో మీ పేరా” వంటివి, ఎక్కడైనా మిగిలాయా? ఇంగ్లీషులో ‘సర్టెన్లీ’ అన్న పదం వెతికితే దొరుకుతాయి.
- సారాంశంలోని అంకె, ఫలితాల పట్టికలోని అంకె, ముగింపులోని అంకె ఒకటేనా? అధ్యాయాలు వేర్వేరు చాట్‌లలో దిద్దించుకుంటే ఇవి తేడా వస్తాయి.

ఇప్పటికే ఇచ్చేసి, ఇది చదివాక రిఫరెన్సుల మీద అనుమానం వచ్చిందా? వైవా తేదీకి ముందే సరిచూడండి. లేనివి దొరికితే తప్పు పేజీ, సరిదిద్దిన పేజీ రెండూ జతచేసి గైడుకు మెయిలు పెట్టండి: “మా రిఫరెన్సుల్లో 7, 12, 15 సరిచూడకుండా చేర్చాం, అవి తప్పని తేలింది. వాటిని తీసేసి, వాటి మీద ఆధారపడిన వాక్యాలు మార్చాం. అనుమతిస్తే కొత్త ప్రతి ఇస్తాం.” సాకులు చేర్చకండి, ఏఐ మీదికి నెట్టకండి. మెయిలు పంపాక ఆయన గదికి వెళ్లి అదే మాట నోటితో కూడా చెప్పండి, కొత్త పేజీలు ప్రింటు తీసి చేత్తో పట్టుకెళ్లండి.